వలస వచ్చినవాళ్ల సంక్షేమ హక్కుల కేసుల్లో కోర్టులు జనం మాట వింటాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు నిరుద్యోగ భృతి, పిల్లల భత్యం, రేషన్ లాంటివి ఇవ్వాలా వద్దా అని కోర్టులు తేల్చేటప్పుడు ప్రజాభిప్రాయం నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్‌లో దాన్ని ఎలా చూపించాలి? "కోర్టులు చట్టమే చూస్తాయి, మిగతాదంతా పేపర్ల గోల" అని మీ గైడ్ అన్నారని కూడా రాశారు.

పనిచేస్తుంది. కాకపోతే మనం ఊహించుకునే దారిలో కాదు. పొద్దున పేపర్ చదివి మధ్యాహ్నం తీర్పు మార్చిన జడ్జిని నేనెక్కడా చూడలేదు. చట్టం ముక్కుసూటిగా ఉన్నచోట బయట ఎంత గోల జరిగినా తీర్పు పెద్దగా కదలదు. "సహేతుకమైన", "మోయలేని భారం", "తగినంత అనుబంధం" లాంటి సాగే మాటలు చట్టంలో ఉన్నచోట మాత్రం బయటి గాలి లోపలికి వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. జనాభిప్రాయం కోర్టు మీద నేరుగా చూపే ప్రభావం కంటే, పార్లమెంటు మీదుగా తిరిగి వచ్చి చూపే ప్రభావమే ఎక్కువ. మీ గైడ్ చెప్పింది సగం నిజం.

నా సంగతి కాస్త చెప్తాను, ఉదాహరణలు ఎటు మొగ్గుతాయో తెలియడానికి. జర్మనీలో వలస వచ్చినవాళ్ల భృతి కేసులు చూసే న్యాయ సహాయ కేంద్రంలో చాలాకాలం పనిచేశాను. జాబ్‌సెంటర్ (భృతి ఇచ్చే ప్రభుత్వ ఆఫీసు) దరఖాస్తు కొట్టేస్తే అభ్యంతరం రాయడం, అక్కడా పని కాకపోతే సోషల్ కోర్టుకు (భృతి తగాదాలు చూసే కోర్టుకు) వెళ్లడం, అద్దె బాకీ పడి ఇల్లు పోయేలా ఉంటే అర్జెంటుగా మధ్యంతర ఉత్తర్వు అడగడం, ఇదే పని. అందుకే యూరప్ ఎక్కువ, మిగతాది తక్కువ.

ఈ అంశం మీద అందరూ చెప్పే కథ లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానిది. 1998లో మార్టినెజ్ సాలా కేసులో, జర్మనీలో చట్టబద్ధంగా ఉంటున్న స్పెయిన్ పౌరురాలికి పిల్లల పెంపకం భత్యం విషయంలో వివక్ష చూపకూడదని చెప్పింది. 2001లో గ్రెల్‌చిక్ కేసు వచ్చింది. బెల్జియంలో మూడేళ్లు తన ఖర్చు తానే పెట్టుకుని చదివిన ఒక ఫ్రెంచ్ విద్యార్థి నాలుగో ఏడాది కనీస ఆదాయ భృతి అడిగాడు. విదేశీయుడివి కాబట్టి ఇవ్వం అనడం కుదరదని, సభ్యదేశాల పౌరుల మధ్య కొంత ఆర్థిక సంఘీభావం ఉండాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పుల గురించి న్యాయశాస్త్రం వాళ్లు తప్ప బయట పెద్దగా మాట్లాడినవాళ్లు లేరు.

తర్వాత వాతావరణం మారింది. 2007లో రొమేనియా, బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. 2013 ఏప్రిల్‌లో జర్మనీ, బ్రిటన్, ఆస్ట్రియా, నెదర్లాండ్స్ మంత్రులు భృతి కోసమే వస్తున్నవాళ్ల మీద ఫిర్యాదు చేస్తూ ఉమ్మడి లేఖ రాశారు. 2014 జనవరి 1న ఆ రెండు దేశాల కార్మికుల మీద ఉన్న చివరి ఆంక్షలు తొలగిపోవాల్సి ఉంది. సరిగ్గా అప్పుడే బవేరియా పార్టీ సీఎస్‌యూ "మోసం చేసినవాడు బయటికే" అనే అర్థం వచ్చే నినాదం ఎత్తుకుంది. పని కోసం వచ్చేవాళ్లే అత్యధికులని 2013 అక్టోబరులో యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ విడుదల చేసిన అధ్యయనం చెప్పినా, అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ తర్వాత తీర్పులు చూడండి. 2014 నవంబర్ 11న డానో: పని వెతుక్కోకుండా, తగిన వనరులు లేకుండా ఉంటున్న వేరే సభ్యదేశ పౌరురాలికి భృతి ఇవ్వక్కర్లేదు. 2015 సెప్టెంబర్‌లో అలిమనోవిచ్: ఏడాది లోపు పనిచేసి ఉద్యోగం పోయినవాళ్లకు ఆరు నెలల తర్వాత ఆపేయొచ్చు, ఒక్కొక్కరి పరిస్థితీ విడిగా పరిశీలించాల్సిన పని లేదు. 2016 ఫిబ్రవరిలో గార్సియా నియెటో: మొదటి మూడు నెలలు ఏమీ ఇవ్వక్కర్లేదు. 2016 జూన్ 14న, పిల్లల భత్యం లాంటివాటికి నివాస హక్కు షరతు పెట్టిందని బ్రిటన్ మీద కమిషన్ వేసిన కేసులో బ్రిటన్ గెలిచింది. అప్పటికి బ్రెగ్జిట్ రెఫరెండం తొమ్మిది రోజుల్లో ఉంది. వరసగా నాలుగూ ప్రభుత్వాల వైపే. ఇది చూసి "కోర్టు భయపడింది" అని రాసిన పండితులు చాలామంది ఉన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకోకండి. మధ్యలో చట్టం కూడా మారింది. 1998, 2001 తీర్పుల నాటికి 2004 నాటి పౌరుల నివాస డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ పాటించాల్సిన యూనియన్ చట్టం) లేదు. మొదటి మూడు నెలలు సామాజిక సాయం ఇవ్వక్కర్లేదని, ఆ తర్వాత ఉండాలంటే పనో, సొంత వనరులో ఉండాలని, అయిదేళ్ల తర్వాతే శాశ్వత నివాస హక్కు వస్తుందని అది స్పష్టంగా రాసింది. పైగా కోర్టు వెనకడుగు గోల మొదలవక ముందే కనిపించింది. 2008లో ఫ్యోర్స్టర్ కేసులో, విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇవ్వాలంటే అయిదేళ్ల నివాసం ఉండాలన్న నెదర్లాండ్స్ నిబంధనను కోర్టు నిలబెట్టింది. అప్పుడు పేపర్లలో ఈ టాపిక్ లేదు.

అయినా నాకు అనుమానం తీరని చోటు ఒకటుంది. 2013 సెప్టెంబర్‌లో బ్రే కేసులో, ఆస్ట్రియాకు వచ్చిన జర్మన్ పెన్షనర్ విషయంలో ఇదే కోర్టు, అతను ఖజానాకు మోయలేని భారం అవుతాడో లేదో అతని పరిస్థితి చూసి తేల్చాలని చెప్పింది. పద్నాలుగు నెలల తర్వాత డానోలో ఆ పరిశీలన దాదాపు మాయమైంది. ఈ మధ్యలో డైరెక్టివ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారినవి రెండే: కోర్టు ముందున్న మనిషి, బయటి వాతావరణం. రెండిట్లో ఏది ఎంత అన్నది మీరు తేల్చాలి. జనాభిప్రాయం లోపలికి వచ్చే దారుల్లో నేను చూసినవి చెప్తాను.

ఏ కేసు పైదాకా వెళ్తుందన్నది మొదటి దారి. డానో కేసులో ఆమెకు చదువు తక్కువ, పనిచేసిన చరిత్ర లేదు, వెతికిన దాఖలా లేదు. టాబ్లాయిడ్లు గీసిన బొమ్మకు అచ్చుగుద్దినట్టు సరిపోయే వాస్తవాలు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అలాంటివాళ్లు చాలా అరుదు. హోటల్ గదులు శుభ్రం చేస్తూ కాంట్రాక్టు ఆగిపోయినవాళ్లు, గోదాములో రెండు షిఫ్టులు చేసి నడుము పోయినవాళ్లే ఎక్కువ. కానీ సూత్రం పుట్టింది ఆ అరుదైన కేసులో. అది ఏడాది లోపు పనిచేసిన అలిమనోవిచ్ కుటుంబం మీదికి, తర్వాత ఇంకొకరి మీదికి పాకింది. బలహీనమైన వాస్తవాలున్న కేసు ముందు వెళ్తే దాని వెనక ఉన్న బలమైన కేసులన్నీ నష్టపోతాయి. ఇందులో జడ్జి మనసు మారాల్సిన పనే లేదు.

రెండోది, ప్రభుత్వాల వాదనలు. లక్సెంబర్గ్‌కు ఒక ప్రశ్న వెళ్తే సంబంధం లేని సభ్యదేశాలు కూడా తమ అభిప్రాయం దాఖలు చేయొచ్చు. డానోలో జర్మనీతో పాటు బ్రిటన్, డెన్మార్క్, ఫ్రాన్స్ లాంటివి కూడా రంగంలోకి దిగాయి. ఓటర్ల కోపాన్ని ప్రభుత్వ లాయరు కోర్టులో కోపంగా చెప్పడు. "సంక్షేమ వ్యవస్థ ఆర్థిక సమతుల్యత" అంటాడు. వీధిలో అరుపు కోర్టు హాల్లోకి వచ్చేసరికి ఇలా ఇస్త్రీ చేసిన భాషలో ఉంటుంది. మీరు తీర్పులో "జనాభిప్రాయం" అనే మాట కోసం వెతికితే దొరకదు. ఈ పదజాలం ఏ ఏడాది నుంచి చిక్కబడిందో చూడండి.

మూడోది జడ్జీల పదవీకాలం. లక్సెంబర్గ్ జడ్జిది ఆరేళ్ల పదవి, పొడిగించాలా వద్దా అన్నది పంపిన ప్రభుత్వం చేతిలో ఉంటుంది. జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానంలో పన్నెండేళ్లు, రెండోసారి లేదు. అమెరికా ఫెడరల్ జడ్జికి జీవితాంతం. దీన్నిబట్టి మొదటివాళ్లు లొంగుతారని తేల్చేయకండి. లక్సెంబర్గ్‌లో భిన్నాభిప్రాయాలు ప్రచురించరు, ఎవరు ఎటు ఓటేశారో బయటికి రాదు. అదీ ఒక రక్షణే.

నా సొంత అనుభవంలో తేడా అన్నిటికంటే ముందు కనిపించింది విచారణలో అడిగే ప్రశ్నల్లో. డానోకు ముందు మా కక్షిదారును ఎప్పటి నుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగేవాళ్లు. తర్వాత మొదటి ప్రశ్నే "ఇక్కడికి ఎందుకొచ్చారు?" అయింది. చట్టంలో ఆ ప్రశ్న ముందు నుంచీ ఉంది, ఎవరూ దాంతో మొదలుపెట్టేవాళ్లు కారు. మేం కూడా ఫైలు తయారుచేసే తీరు మార్చుకున్నాం. వచ్చిన వారం నుంచే పెట్టిన ఉద్యోగ దరఖాస్తులు, భాషా తరగతి సర్టిఫికెట్, పాత జీతం చీటీలు అన్నీ తేదీల వారీగా పెట్టేవాళ్లం. జీతం చీటీ ఒక్కటి పోగొట్టుకున్నా టెన్షనే, ఎందుకంటే ఏడాది పనిచేశారా లేదా అన్న లెక్క దాని మీదే ఆధారపడేది.

అదే కాలంలో ఒకే కోర్టు భవనంలో పక్కపక్క బెంచీలు దాదాపు ఒకే వాస్తవాలకు వేరువేరు ఉత్తర్వులు ఇచ్చాయి. ఒక కుటుంబానికి మధ్యంతర భృతి వచ్చింది, వాళ్ల పై అంతస్తులో ఉండే కుటుంబానికి రాలేదు. రెండు బెంచీల వాళ్లూ చదివేది అవే పేపర్లు. జనాభిప్రాయమే తీర్పు రాస్తే ఇలా చీలకూడదు కదా. సాగే మాట ఎంత సాగుతుందన్నది జడ్జిని బట్టి కూడా ఉంటుంది.

ఇక మీ డిసర్టేషన్‌కు నేను గట్టిగా సూచించే ఉదాహరణ. అలిమనోవిచ్ తీర్పుతో ప్రభుత్వాలు ఊపిరి పీల్చుకున్నాక, 2015 డిసెంబర్ 3న జర్మన్ ఫెడరల్ సోషల్ కోర్టు అందరికీ షాక్ ఇచ్చింది. నిరుద్యోగ భృతి చట్టం కింద ఇవ్వక్కర్లేదు, సరే. కానీ ఆరు నెలలు దాటి ఇక్కడే ఉంటున్నవాళ్లకు వేరే చట్టం, అంటే సామాజిక సహాయ చట్టం కింద మామూలుగా ఇవ్వాల్సిందే అంది. తేదీ గమనించండి. శరణార్థుల రాక పతాక స్థాయిలో ఉండి, దేశమంతా అదే చర్చ నడుస్తున్న శరదృతువు ముగిసిన రోజులవి. గాలికి పూర్తిగా ఎదురు తీర్పు. కింది కోర్టుల్లో కొన్ని బాహాటంగానే దాన్ని పాటించబోమన్నాయి. మునిసిపాలిటీలు ఖర్చు తమ మీద పడుతుందని గగ్గోలు పెట్టాయి. కార్మిక మంత్రి ఆండ్రియా నాలెస్ కొత్త బిల్లు తెచ్చారు, 2016 డిసెంబర్ చివరికల్లా అది అమల్లోకి వచ్చింది. అయిదేళ్ల దాకా సాధారణంగా ఏమీ లేదు, ఊరెళ్లేలోపు ఒక నెల సాయం మాత్రం. తీర్పు బతికింది ఏడాది పైచిలుకు.

అంటే జనాభిప్రాయం కోర్టులో ఓడిపోయి పార్లమెంటులో గెలిచింది. ఆ తర్వాత అవే కోర్టులు కొత్త చట్టాన్ని అమలు చేశాయి. ఎక్కడో లెక్కల పట్టికలో చూసేవాడికి "2017 తర్వాత కోర్టులు కఠినమయ్యాయి" అని కనిపిస్తుంది.

అమెరికాలోనూ ఇదే వరస. 1994లో కాలిఫోర్నియాలో ప్రతిపాదన 187ను ఓటర్లు సుమారు 59 శాతంతో గెలిపించారు. పత్రాలు లేని వలసదారులకు బడి, అత్యవసరం కాని వైద్యం, సంక్షేమం ఆపేయాలని అది. జనాభిప్రాయానికి అంతకంటే నేరుగా రుజువు ఇంకేం కావాలి? ఫెడరల్ కోర్టు ఆపేసింది, అందులో ముఖ్యమైన భాగాలు అమల్లోకి రానేలేదు. పిల్లల చదువు విషయంలో, పత్రాలు లేని పిల్లలకూ బడి నిరాకరించకూడదన్న 1982 నాటి సుప్రీంకోర్టు ప్లైలర్ తీర్పు అడ్డంగా నిలబడి ఉంది. కానీ రెండేళ్లకే, 1996లో, కాంగ్రెస్ సంక్షేమ సంస్కరణ చట్టం తెచ్చి, చట్టబద్ధంగా వచ్చినవాళ్లలో కూడా చాలామందికి అయిదేళ్ల దాకా ఫెడరల్ సాయం లేకుండా చేసింది. వలసదారుల విషయంలో ఫెడరల్ ప్రభుత్వానికి విస్తృత అధికారం ఉందని 1976లోనే మాథ్యూస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది కాబట్టి అది నిలబడింది.

గాలి ఎంత వీచినా కదలని చోట్లు కూడా ఉన్నాయి. 2003లో బ్రిటన్‌లో, వచ్చిన వెంటనే ఆశ్రయం కోరనివాళ్లకు తిండి, వసతి ఆపేసే సెక్షన్ 55 అమల్లోకి వచ్చింది. దానికి వ్యతిరేకంగా తీర్పిచ్చిన హైకోర్టు జడ్జి మీద హోంమంత్రి డేవిడ్ బ్లంకెట్ బహిరంగంగా విరుచుకుపడ్డారు, పత్రికలు ఆయన్ని పేరుపెట్టి దులిపేశాయి. కొన్ని వారాల్లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. 2005లో లిమ్‌బుయెలా కేసులో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఒకే మాట చెప్పారు: పని చేసుకోనివ్వకుండా, సాయమూ ఇవ్వకుండా మనిషిని రోడ్డు మీద పడేయడం అమానుష ప్రవర్తన కిందికి వస్తుంది. "వీలైనంత త్వరగా" అనే సాగే మాట ఆ చట్టంలోనూ ఉంది. కానీ దాని కింద అమానుష ప్రవర్తన నిషేధం అనే గట్టి నేల ఉంది.

జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2012 జూలై 18న అదే పని చేసింది. ఆశ్రయం కోరేవాళ్లకు ఇచ్చే మొత్తాలు 1993లో, వలస వ్యతిరేకత తీవ్రంగా ఉన్న రోజుల్లో నిర్ణయించినవి. ధరలు పెరిగినా వాటిని పెంచలేదు. మానవ గౌరవాన్ని వలస విధానం కోసం తగ్గించడానికి వీల్లేదని కోర్టు తేల్చి, వెంటనే పెంచమంది. అయితే 2012లో వీధులు ప్రశాంతంగా ఉన్నాయన్నది కూడా నిజం, దీన్ని మీ గైడ్ తప్పకుండా అడుగుతారు. అప్పుడు 2022 నిర్ణయం చూపించండి. ఉమ్మడి వసతిలో ఉండే ఒంటరివాళ్లకు పది శాతం కోత పెట్టడం చెల్లదని అదే కోర్టు ప్రకటించినది నవంబర్‌లో, ఉక్రెయిన్ నుంచి లక్షల మంది వచ్చిన ఏడాదిలో.

ఆస్ట్రియా కేసు కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లలు రొమేనియాలోనో హంగరీలోనో ఉంటే అక్కడి ధరల్ని బట్టి పిల్లల భత్యం తగ్గించే పద్ధతి 2019 నుంచి పెట్టింది. ఇలాంటి ఏర్పాటునే 2016 ఫిబ్రవరిలో బ్రిటన్‌ను ఆపుకోవడానికి యూరప్ దేశాధినేతలందరూ ఒప్పుకున్నారు. 2022 జూన్‌లో లక్సెంబర్గ్ కోర్టు దాన్ని కొట్టేసింది: కార్మికుడు అందరిలాగే పన్నులూ చందాలూ కడుతున్నప్పుడు భత్యం తగ్గించడం వివక్షే. 2016లో ఇదే ప్రశ్న వచ్చి ఉంటే? కొందరు వేరే తీర్పు వచ్చేదంటారు. నేను అనుకోవడం, అప్పుడూ ఇదే వచ్చేది. పనిచేసేవాళ్ల విషయంలో చట్టం మొదటి నుంచీ గట్టిగా ఉంది. డానో తర్వాత నష్టపోయినవాళ్లంతా పనిలో లేనివాళ్లే.

ఇప్పటిదాకా చెప్పిందంతా జనం వ్యతిరేకంగా ఉన్నప్పటి సంగతి. జనం సానుభూతి చూపినప్పుడు ఏమవుతుందో భారత సుప్రీంకోర్టులో చూడొచ్చు. కోవిడ్ లాక్‌డౌన్‌లో వలస కూలీలు సొంతూళ్లకు నడిచివెళ్తున్న రోజులవి. 2020 మార్చి 31న, రోడ్ల మీద ఇప్పుడు ఎవరూ నడవడం లేదన్న సొలిసిటర్ జనరల్ మాటను కోర్టు రికార్డు చేసుకుంది. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన పదహారు మంది కూలీలు గూడ్సు రైలు కింద చనిపోయారు. మే 15న, నడిచివెళ్తున్నవాళ్లకు తిండి, నీడ చూడమన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే రోజు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హైవేల మీద వాళ్లకు తిండి, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ఆదేశించింది. మాజీ జడ్జీలు, సీనియర్ న్యాయవాదులు, పత్రికలు సుప్రీంకోర్టును గట్టిగా విమర్శించాయి. మే 26న కోర్టు సుమోటోగా కేసు తీసుకుంది, 28న రైలు, బస్సు చార్జీలు కూలీల దగ్గర వసూలు చేయొద్దంది. మార్చి నుంచి మే దాకా రాజ్యాంగం మారలేదు, వాస్తవాలు కూడా అందరికీ తెలిసినవే. ప్రభావానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

కానీ దాని తర్వాతి కథ చదవండి. 2021 జూన్ 29 తీర్పు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అన్ని రాష్ట్రాల్లో జూలై 31 కల్లా అమలు చేయాలంది, అసంఘటిత కార్మికుల జాతీయ పోర్టల్‌కూ అదే గడువు పెట్టింది. ఆ పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదై రేషన్ కార్డు లేనివాళ్లకు కార్డులు ఇవ్వమని 2024లో కూడా కోర్టు రాష్ట్రాల మీద విసుక్కుంటూనే ఉంది. జనం చూపు పక్కకు మళ్లాక ఉత్తర్వును తోసేవాడు ఉండడు. సానుభూతి మీద వచ్చిన తీర్పులకు ఈ బలహీనత నేను జర్మనీలోనూ చూశాను.

ఇక ఎలా చూపించాలన్నది. ఒపీనియన్ పోల్స్ మీద ఆధారపడకండి. వలస మీద జనం అభిప్రాయం ఏడాదికేడాదికి మారేది తక్కువ. దాని గురించి ఎంత గట్టిగా మాట్లాడుకుంటున్నారన్నదే బాగా మారుతుంది. కోర్టులకు తగిలేది ఆ శబ్దమే. పత్రికల్లో ఆ అంశం ఎన్నిసార్లు వచ్చిందో నెలవారీ లెక్క తీసుకుంటే పోల్ కంటే మెరుగ్గా పనికొస్తుంది. చట్టం అక్షరం మారని జతలను ఎంచుకోండి: బ్రే, డానో ఒక జత, 2020 మే 15, మే 28 ఒక జత. మొదటి జతలో వాస్తవాల తేడా ఉంది, అది దాచకుండా రాయండి. కింది కోర్టుల మధ్యంతర ఉత్తర్వులు దొరికితే వదలొద్దు. పై కోర్టు తీర్పు మెరుగులు దిద్దినది, కింద జరిగే పని అక్కడే కనిపిస్తుంది. ప్రతి "కఠిన" తీర్పు పక్కనా అంతకుముందు రెండేళ్లలో చట్టసభ ఏదైనా మార్చిందా అనే ఒక కాలమ్ పెట్టండి. ఆ కాలమ్ లేకపోతే పార్లమెంటు చేసిన పనిని కోర్టు ఖాతాలో వేసేస్తారు.

జర్మన్ రాకపోతే లిమ్‌బుయెలాతో మొదలుపెట్టండి. ఇంగ్లీషులోనే ఉంది, లార్డ్స్ తీర్పుల్లో చదవడానికి తేలికైనవాటిలో ఒకటి. ఆ తర్వాత బ్రే, డానో రెండూ ఒకే ఊపులో వెంటవెంటనే చదివి, "వ్యక్తిగత పరిస్థితులు" అనే మాట ఏ పేరాల్లో ఎన్నిసార్లు వచ్చిందో మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. గైడ్ దగ్గరికి ముందు ఆ రెండు ప్రింటవుట్లే తీసుకెళ్లండి.